రామక్క ఊపిరి

…అట్లయితే ఆ బిడ్డకూ తన నోటి నుంచే పోయిందా?

కాళ్లు చాపుకుని, వాటి మీద పదకొండు రోజుల పసికందును పడుకోబెట్టుకున్న రామక్క, ఆముదం రుద్దుతూనే ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవాలని చూస్తోంది. ఆ బిడ్డంటే ఒళ్లోని ఈ పసికందు కాదు, వేరే ఇంటి జయంతి కొడుకు. నాలుగు నెలలవాడు. రెండు నెలలు తానే నీళ్లు పోసి, ముక్కు తీరుగా నిలవాలని నోటితో ఊదింది. దగ్గు తగ్గక అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చి తొమ్మిది రోజులైంది. ఏ జబ్బో ఇంకా తేల్చలేదట.

పొద్దున ఆశా వర్కరు గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "నువ్వు దగ్గి ఉమ్మిచ్చిన గళ్లలో టీబీ ఉండాదని పరీక్షలో వచ్చినాది అక్కా. మాత్రలు మింగితే నయమైతాది. పసిబిడ్డల దగ్గరికి మాత్రం పోవద్దు."

అయినా వచ్చింది. ముక్కులో ఊదకుండా, ఒట్టి నీళ్లు పోసి వచ్చేస్తే చాలని దారి పొడుగునా తనకు తానే నచ్చజెప్పుకుంది. ఇప్పుడు దగ్గు తన్నుకొచ్చినప్పుడల్లా గొంతులోనే అణుచుకుంటోంది. ఆముదం జిడ్డు పోయేలా చివరి చెంబూ పోసేసింది.

"ఇంక ముక్కులో ఊదు రామక్కా," అంది బిడ్డ అమ్మమ్మ లక్ష్మీదేవమ్మ, తువ్వాలు అందిస్తూ. "నువ్వు ఊదబట్టే గదా నా కూతురికి ఈ ముక్కు. లేకుంటే వాళ్ల నాయన మాదిరి గడ్డపార వచ్చింటాది."

"నర్సు వద్దనింది గదమ్మా," అంది మంచం మీద నుంచి బాలింత ఇంద్రాణి.

"ఆ నర్సుకూ రామక్కే ఊదినాది. పోయి అడుగు."

నవ్వాల్సిన మాటే. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ముక్కులన్నీ తన ఊపిరితో నిలిచినవేనని రామక్కకు లోలోపల గర్వం. మొగుడు పోయాక ఆ ఊపిరే తిండి పెట్టింది. గొంతు నొప్పని ఈ పూటకు తప్పించుకోవచ్చు. రేపు మళ్లీ పిలుస్తారు. నిజం చెబితే ఇంక ఏ ఇంటివాళ్లూ పిలవరు. చెప్పకపోతే, ఆసుపత్రిలో జయంతి కొడుకును చూస్తున్న డాక్టర్లకు వెతకాల్సిందేమిటో ఎవరు చెబుతారు?

"ఏమే, కూచొనే నిద్రపోతాండావా? బిడ్డ వణకతాంది," అంది లక్ష్మీదేవమ్మ.

అలవాటు కొద్దీ రామక్క వంగింది. గోరంత ముక్కుపుటాలు కదులుతున్నాయి. బెత్తెడు దూరంలో ఆగిపోయి, మొహం గోడవైపు తిప్పుకుని, బిడ్డను చేతులు సాగినంత దూరం చాచి ఇంద్రాణికి అందించింది.

"నేనూదను తల్లీ. నాకు టీబీ ఉండాదంట."

లక్ష్మీదేవమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

రామక్క కొంగుతో నోరు గట్టిగా కట్టుకుంది.

"జయంతికి ఫోను కలిపియ్యి," అంది ఇంద్రాణితో. "నేనే చెప్తా."