గడ్డపు మ్రొక్కు

ఫాల్గుణమాసారంభమున నొక ప్రభాతంబున జీడిమామిడితోటల పూతవాసనచే మత్తెక్కి మంచుతెరలచే సగము కప్పబడియున్న యొకానొక కొండవాలునందు మ్రొక్కుబడులు తీర్చుకొనవచ్చిన జనులు మెట్లవెంబడి చీమలబారువలె నెక్కుచుండిరి. తూర్పున సముద్రముమీద నెఱ్ఱదనము పొడసూపెనే కాని పొద్దింకను పొడువలేదు. కేశఖండనశాలయందు వరుసగా పీటలపై కూర్చున్న క్షురకుల కత్తులు తడిసిన తలలపై చేయు గరగరధ్వని యొక్కటియే యా ప్రాతఃకాలనిశ్శబ్దమును గీరుచుండెను.

ఆ శాల ముంగిట చీటి చేతబట్టుకొని కూర్మినాయుడు తల్లితో కూడ నిలిచియుండెను. వాని వయ సిరువదియేడేండ్లు. చెంపలు మొదలుకొని కంఠమువఱకు వ్యాపించిన వాని గడ్డము భక్తికై పెంచినదియు కాదు సోకునకై పెంచినదియు కాదు. పదునాలుగవయేట పొడమిన మొటిమలు తోడివారి మొగములను యథాకాలమున విడిచిపోయినను వాని మొగమును మాత్రము సొంతయిల్లుగా నెంచి కాపురము సేయుచుండెను. వాని చర్మమట్టిది. దోమ కుట్టినచోట పక్షము దినములు కందియుండును. గోరు గీచిన గీత మానుటకు మాసము పట్టును. మానినచోట మచ్చ సంవత్సరము నిలుచును. అన్నింటిని కప్పుటకు గడ్డము తప్ప వేఱుదారి లేకపోయెను.

ఆ పదుమూడేండ్లలో వాని మొగము చూడని మందు లేదు. వేపాకుముద్ద పూసిరి. ఎఱ్ఱమన్ను మెత్తిరి. నిమ్మచెక్కతో రుద్దిరి. మందులదుకాణమువాడు వైద్యుని చీటి యడుగకయే యిచ్చిన గొట్టపులేపనము మొదటివారమున మొగమును చంద్రబింబమువలె మెఱయించి రెండవమాసమున తోలూడగొట్టెను. ఇచ్చినవారందఱు ప్రేమతోనే యిచ్చిరి. ఆ ప్రేమలనెల్ల మంటతో కూడ కడిగికొనుట మాత్రము వాని వంతయ్యెను.

గడచిన కార్తికమున వాడు పట్టణమునకుబోయి యొక చర్మవైద్యురాలికి మొగము చూపెను. ఆమె దీపపువెలుగున నిదానముగ పరికించి “దీనికి తొందఱలేదు నాయుడూ, నీవును తొందఱపడకుము. మెత్తని సబ్బుతో కడుగుము. రాత్రి యీ మందు పలుచగా పూయుము. ఎండకు గొడుగు పట్టుము. గిల్లరాదు, రుద్దరాదు. పుండ్లు మూసికొనువఱకు కత్తి తగులరాదు. గడ్డమును కత్తెరతో కురుచ చేసికొనుము చాలు” అని చెప్పెను. వాడట్లే చేసెను. నాలుగుమాసములు గడచునప్పటికి క్రొత్తవి పుట్టుట మానెను. ప్రాతవి యొక్కటొక్కటిగా మూసికొనసాగెను. పదుమూడేండ్లలో నదియే మొదటిసారి.

అంతలో వాని తల్లి సూరీడమ్మకు మ్రొక్కు జ్ఞప్తికి వచ్చెను. వాని పదునాలుగవయేట నామె యీ కొండయెక్కి స్వామిని “నా బిడ్డ మొగము బాగుపడినచో తలయు గడ్డమును నీకే” యని వేడుకొనెను. అప్పటికి వానికి నూగుమీసమైనను లేదు. రాబోవు గడ్డమునుగూడ ఆమె ముందుగానే వ్రాసియిచ్చెను. ఇప్పుడు కొడుకు నుదురును చెంపల పైభాగమును నున్నబడుట చూచి స్వామి యిచ్చినాడని నిశ్చయించెను.

కూర్మినాయుడు వలదనకపోలేదు. రెండేండ్లక్రిందట మేనమామకొడుకు పెండ్లికని నున్నగా గొఱిగించుకొన్న పాపమునకు నాలుగుమాసములు చీముకారుటయు దిండుగుడ్డలు దినమున కొకటి మార్చుటయు జ్ఞాపకము చేసెను. ఆమె “ఇచ్చినవాని బాకీ యుంచుకొన్న మఱల తీసికొనడా?” యనెను. కాదనుటకు కావలసిన యోపిక యవునని తలయూచుటకు కావలసినదానికంటె నెక్కువ. వానికది మిగిలియుండలేదు. మొగము బాగుకొఱకు మ్రొక్కిన మ్రొక్కే యా మొగమును చెఱచునని యెఱిగియు మెట్లెక్కెను.

వాని వంతు తవిటయ్య యను వృద్ధక్షురకుని పీటకు వచ్చెను. తవిటయ్య సగము బ్లేడు క్రొత్తది విఱిచి కత్తికి బిగించి తల తడిపి గొఱిగి ముగించెను. పిమ్మట గడ్డము తడుపబోయి దవుడపై వ్రేలు మోపినంతనే యాగెను.

“నొప్పియున్నదా బాబూ?”

“ఉన్నది.”

వెనుకనుండి సూరీడమ్మ “కానిమ్ము నాయనా, గడ్డముకూడ మ్రొక్కే” యనెను.

తవిటయ్య కత్తి దింపి దువ్వెన తీసి చేనిలో పాయ తీసినట్లు గడ్డమును మెల్లగా పాయదీసెను. “ఇటు వచ్చి చూడుము తల్లీ” యనెను. ఆమె వంగి చూచెను. కొడుకు గడ్డముక్రింద నేమున్నదో యా పెండ్లినాటి తరువాత ఆమె చూడలేదు. వాడు చూడనీయలేదు. అక్కడ పొక్కులు కొన్ని యెఱ్ఱగాను కొన్ని నల్లగాను పఱచుకొనియుండెను. ఆ పొక్కులపై ఉల్లిపొరవంటి లేతతోలు అప్పుడప్పుడే కప్పుచుండెను.

“ఇది బాగుపడిన మొగమా తల్లీ? బాగుపడుచున్న మొగము. రెంటికిని చాల దూరమున్నది. నలువదియేండ్లుగా ఈ పీటమీద మొగములే చూచుచున్నాను. కత్తి పెట్టితినా, యీ పొర నురుగుతోకూడ లేచివచ్చును” అని తవిటయ్య పలికెను.

వెనుక నిలిచియున్న యొక స్థూలకాయుడు విసిగి “గడ్డమునకు ముహూర్తము చూచుచున్నారా యేమి? మాకు బస్సు తప్పును” అనెను.

“నీ తలమీద నున్నవి నాలుగు వెండ్రుకలు బాబూ. బస్సు వచ్చులోపల రెండుమార్లు గొఱిగెదను” అని తవిటయ్య తల తిప్పకయే చెప్పెను. వరుసలోనివారు నవ్విరి.

సూరీడమ్మ నవ్వలేదు. “మాట తప్పితినని స్వామి కోపించిన?” అనెను.

“జడ యియ్యలేని యాడువారు మూడు కత్తెరలిచ్చి పోవుచున్నారు కదమ్మా. స్వామి యెవరినైన వెనుకకు పిలిచెనా? ఈ గడ్డమునకును మూడు కత్తెరలు వేసెదను.”

“మగవానికి ఆడువారి మ్రొక్కా? పూలజడకూడ వేయుడు” అని స్థూలకాయుడు మఱల నందుకొనెను.

“వేయుమనుము. పూలజడచే పుండుపడదు” అని కూర్మినాయుడనెను. తరువాత తల్లివంక తిరిగి “అమ్మా, నేనలసితిని. తల యిచ్చితిని. ఈ మొగమును నాలుగుమాసములు పసికూనను సాకినట్లు సాకితిని. దీని నియ్యలేను” అని మెల్లగా చెప్పెను. కొడుకు తన మాటను కడవఱకు కాదనుట యామె యెఱుగదు. ఆ కంఠమున కోపము లేకుండుటయే యామెను కలచెను.

ఆమె తవిటయ్యవంక తిరిగి “మూడు కాదు, అయిదు వేయుము” అనెను. “మిగిలినది వాని మొగము నిజముగ బాగుపడిననాడు.”

తవిటయ్య చర్మమునకు తగులకుండ వ్రేళ్ల సందున కుచ్చులు పట్టి యయిదుమార్లు కత్తిరించి పళ్లెమున వేసెను.

వెలుపల స్నానము ముగిసినపిదప సూరీడమ్మ చందనము చేతినిండ తీసికొని కొడుకు బోడితలకు పూసెను. పూయుచు పూయుచు నలవాటుచొప్పున చేయి చెంపవైపునకు దిగెను. పదుమూడేండ్ల యభ్యాసముచే కూర్మినాయుడు కనులు మూసికొని మంటకై కాచుకొనెను. మంట రాలేదు. చాలసేపు రాలేదు. కనులు తెఱచి చూచునప్పటికి ఆమె హస్తము చెంపకు జానెడు దూరమున నిలిచియుండెను. ఎక్కడ పెట్టవలయునో తెలియని యా చేతిని ఆమె కొంతసేపట్లే యుంచి పిదప తన కొంగునకు తుడుచుకొనెను.