పన్నెండో పెట్టె

అక్కకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే: పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్క తప్పూ చేయలేదు. ఇది ఆవిడ అంటున్న మాట కాదు, ఆయనే చెబుతాడు. స్కూటరు గేటుకి తగిలితే గేటే ముందుకొచ్చిందంటాడు. తెల్ల చొక్కాలతో పాటు ఎర్ర తువ్వాలు నానబెట్టి, ఆ తువ్వాలు అమ్మినవాడికి నీతి లేదంటాడు. ఒకసారి ఎవరిదో పెళ్ళికి ఒకరోజు ముందే తీసుకెళ్ళి, ముస్తాబంతా చేసుకున్న పెళ్ళాన్ని ఖాళీ హాలు ముందు నిలబెట్టి, "చూశావా, వీళ్ళకి టైమంటే లెక్కలేదు" అన్నాడు. అంతటి నిర్దోషితో కాపురం చేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన లోకల్ రైలు డ్రైవరు. అక్కడ మాత్రం నిజంగానే వంక పెట్టడానికి లేదు. నగరానికి ఈ చివర పక్క మీంచి లేచినవాణ్ణి ఆ చివర ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టే ఆ రైళ్ళంటే అక్కకి మొదటినుంచీ మహా గౌరవం. ఒకదాని వెనక ఒకటి, అలకా పేచీ లేకుండా, వానకి తడుస్తూ ఎండకి కాగుతూ, వచ్చినవాణ్ణల్లా ఎక్కించుకుని పోతూనే ఉంటాయి. ఇంట్లో నలుగుర్ని ఒకేసారి భోజనానికి కూర్చోబెట్టడం చేతకాని ఆవిడకి, లక్షలమందిని రోజూ వేళకి చేర్చే ఆ ఏర్పాటు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించేది. అందులోనూ ఈయన బండి ఆపితే, నిలబడి ఉన్నవాడి చేతిలో టీ కూడా తొణకదు.

బండికి ముందు డ్రైవరుంటే, వెనక చివరి పెట్టెలో గార్డు ఉంటాడు. తలుపులు తెరిచేదీ మూసేదీ అతనే. అందరూ ఎక్కారని చూసుకుని అతను గంట కొడితేనే డ్రైవరు బండి కదిలిస్తాడు. ఆ గార్డు మరెవరో కాదు, చెల్లెలి మొగుడు. వాళ్ళ కాపురమూ అదే క్వార్టర్సులో, సరిగ్గా అక్క నెత్తిమీది వాటాలో. పైన కుర్చీ జరిపితే కింద తెలుస్తుంది, కింద మిరపకాయలు వేయిస్తే పైన తుమ్ములు వినిపిస్తాయి.

"తోడల్లుళ్ళిద్దరూ ఒకే బండిని చెరో కొసా పట్టుకున్నారు. ఎవరు ముందు వదిలేస్తారో" అని చుట్టాలు నవ్వేవాళ్ళు.

వదిలేసే రోజు రానే వచ్చింది. లోకల్ బండ్లలో తొమ్మిది పెట్టెలవీ ఉంటాయి, పన్నెండు పెట్టెలవీ ఉంటాయి. ఏ బండి ముక్కు ఎక్కడిదాకా రావాలో ప్లాట్‌ఫారం మీద బోర్డులు పెట్టి ఉంటారు: తొమ్మిదివి ఇక్కడ, పన్నెండువి ఇంకా ముందుకి. పోయిన నెల ఒక సాయంత్రం పెద్ద జంక్షనులో డ్రైవరు పన్నెండు పెట్టెల బండిని తొమ్మిది బోర్డు దగ్గర ఆపేశాడు. ముక్కు ప్లాట్‌ఫారం మీదుంది, తోక ప్లాట్‌ఫారం అందని చోట ఉండిపోయింది. గార్డు తల బయటపెట్టి చూశాడు. తలుపులు తెరవలేదు. ముందుకి తీసుకెళ్ళమని గంట కొట్టాడు. బండి జరిగింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం దిగి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. గార్డు మాత్రం రూలు ప్రకారం సంగతి పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు డ్రైవర్ని మళ్ళీ శిక్షణ స్కూలుకి పంపి, మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళ పక్కన బెంచీమీద వారం రోజులు కూర్చోబెట్టారు.

"ఏమైందట? ఏమీ కాలేదుగా!" అని ఇంట్లో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు డ్రైవరు. "ఎవరికైనా గోరు ఊడిందా? గంట కొట్టాడు, ముందుకి జరిపాను, అయిపోయింది. నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి నామీద చాడీలు చెబుతాడా?"

"చాడీ కాదండీ, అది అతని డ్యూటీ."

"నువ్వు మీ మరిదినే వెనకేసుకురా. బోర్డు మీద పెయింటు పోయింది. కనపడకపోతే నేనేం చేసేది?"

బోర్డుకి పెయింటు వేసి ఎన్నాళ్ళో కాలేదు. ఆ వాసనకి తలనొప్పి వచ్చిందని ఆయనే ఇంటికొచ్చి విసుక్కున్నాడు. అక్కకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేసింది. నిర్దోషులతో వాదనకి దిగితే పొయ్యిమీద కూర మాడుతుంది.

ఆనాటినుంచి తోడల్లుళ్ళ మధ్య మాటల్లేవు. విచిత్రమేమిటంటే డ్యూటీలు మాత్రం ఇద్దరికీ ఒకే బండిమీద పడుతూనే ఉన్నాయి.

"ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ, అక్కడ పొద్దస్తమానం గంటలు కొట్టుకుంటూనే ఉంటారక్కా" అంది చెల్లెలు.

"అదే నయమే. మీ బావ గంటకైనా కదులుతున్నాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా కదలడు."

ఆ నవ్వులు ఎంతోకాలం నిలవలేదు. ఆ వారం మధ్యలో చెల్లెలు పాత అట్టపెట్టెలు ఉన్నాయా అని అడుగుతూ మెట్లు దిగి వచ్చింది.

"ఎందుకే?"

"ఆయన వేరే లైనుకి మార్చమని అడిగారు. ఒప్పుకున్నారట. సోమవారం చేరాలి. ఇల్లు కూడా అటే, ఆ లైను చివరి స్టేషను దగ్గర."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ చివరి స్టేషను అంటే రెండు బండ్లు మారాలి. 'కొంచెం ఉప్పు ఉందా' అని వెళ్ళే దూరం కాదు.

"బావగారు తప్పు తనదని తన నోటితో ఒక్కమాట అంటే చాలట, వెళ్ళి ఆ మార్పు వద్దని చెప్పేస్తానంటున్నారు" అంది చెల్లెలు, గోడవైపు చూస్తూ. "చాడీకోరు అనిపించుకుని రోజూ ఈ మెట్లెక్కలేనంటున్నారు."

"మీ బావ నోటితో ఆ మాటా? దానికన్నా మీ బీరువా నేనే భుజాన మోసుకొచ్చి దింపడం తేలిక."

చెల్లెలు నవ్వబోయి, కళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, అక్క మానుకుంది. కుక్కరు మూత తీసి దాని రబ్బరు చుట్టుని అటూ ఇటూ సాగదీసి చూసింది. ఇంకో ఏడాది నిక్షేపంగా వస్తుంది. తీసి చెత్తబుట్టలో పడేసింది.

శనివారం డ్రైవరుకి సెలవు.

"ఏమండీ, కుక్కరు రబ్బరు పోయింది. టెర్మినస్ దగ్గర మార్కెట్లోనే దొరుకుతుంది."

"మన వీధిలో దొరకదా?"

"మన వీధిలోది మన కుక్కరుకి పట్టదు."

ఇంత పచ్చి అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆవిడా అనుకోలేదు. సాయంత్రం జనం కిటకిటలాడే వేళకి సరిగ్గా స్టేషను చేరేట్టు, తాళంచెవి కోసం కాసేపు వెతికింది కూడా. ఆ బండికి గార్డెవరో చెల్లెల్ని అడిగి ముందే తెలుసుకుంది.

ప్లాట్‌ఫారం మీద డ్రైవరు అలవాటుగా బండి ముక్కు ఆగేచోటికి నడవబోయాడు. అక్క వెనక కొసన నిలబడిపోయింది.

"అక్కడెందుకు? ముందు పెట్టె ఎక్కుదాం రా."

"ఇక్కడ నీడగా ఉందండీ."

"ప్లాట్‌ఫారమంతా నీడే కదే!"

"ఇక్కడి నీడ చల్లగా ఉంది."

బండి వచ్చింది. ఎంత చూసినా అక్కకి ఆ రాక మీద మోజు తీరదు. పట్టాలు సన్నగా పాడతాయి, గాలి ముందుగా వచ్చి చెంగు లాగుతుంది, ఆ తర్వాత ఒక వీధికి వీధి కదిలి వచ్చినట్టు పన్నెండు పెట్టెలూ వరసగా వచ్చి, గట్టి శబ్దమన్నది లేకుండా నిలబడతాయి. చివరి కిటికీలోంచి గార్డు తల బయటపెట్టాడు. వదినగారికి తల ఊపాడు. ఆవిడ పక్కనున్న మనిషికి ఆ ఊపులో వాటా ఇవ్వలేదు. డ్రైవరు కూడా పైకప్పుని పరీక్షగా చూస్తూ ఆ పన్నెండో పెట్టెలోకి ఎక్కాడు.

జనంలో నిలబడి ప్రయాణం చేసి ఆయనకి ఏళ్ళయింది. ముందు అద్దంలోంచి పట్టాలు తప్ప, తన వెనకేముందో ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు. ఇప్పుడు చూడక తప్పలేదు. ముగ్గురు పట్టే సీటులో నాలుగోమనిషికి చోటిచ్చి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరి తలమీదుగానో ఎవరి సంచో చేతులు మారి పై అరలోకి చేరింది. ఒకాయన కేకు పెట్టెని పైకెత్తి పట్టుకుంటే, ఎరగనివాళ్ళంతా దానికి కాపలా కాశారు. ఒకమ్మాయి నిలబడే నిద్రపోతోంది. తన స్టేషను ఎక్కడని పక్కావిడకి చెప్పి మరీ నిద్రపోతోంది.

జంక్షను వస్తుందనగా పెట్టె మొత్తం తలుపులవైపు ఒరిగింది. "దిగుతారా?" "దిగుతారా?" అని అడుగుతూ, దిగనివాళ్ళు వెనక్కి, దిగేవాళ్ళు ముందుకి, ఎవరి కాలూ తొక్కకుండా చోట్లు మార్చుకున్నారు. డ్రైవరూ అక్కా ఆ ఉరవడిలో తలుపు దాకా వచ్చి పడ్డారు. ఆయన ముందు ఒక తల్లి, భుజం మీద నిద్రపోతున్న బిడ్డ. ఆమె వెనక్కి తిరిగి తోడొచ్చినావిడతో ఏదో చెబుతోంది.

బండి ఆగింది. తలుపులు వెంటనే తెరుచుకోలేదు.

"నిద్రపోతున్నాడా గార్డు?" అని ఎవరో అరిచారు.

"టీ తాగుతున్నాడేమో లెండి!" అన్నారింకెవరో.

అంతలో తలుపులు తెరుచుకున్నాయి. కట్ట తెగినట్టు జనం బయటికి దూకారు. తల్లి మాట ఆపకుండానే, మొహం వెనక్కే పెట్టుకుని, అడుగు బయటికి వేసింది. ఫోను చూసుకునేవాడు ఫోను చూస్తూనే వేశాడు. కేకు ఆయన కేకు వైపే చూస్తూ వేశాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా కిందికి చూడలేదు. కాలు కింద నేల ఉంటుందన్నది వాళ్ళకి అసలు అనుమానించాల్సిన సంగతే కాదు.

డ్రైవరు మాత్రం ద్వారపు కమ్మీ గట్టిగా పట్టుకుని కిందికి చూశాడు. ప్లాట్‌ఫారం ఉంది. అయినా ఆయన మొహంలో నెత్తురు లేదు. వెనకవాళ్ళు తోస్తే దిగి, మళ్ళీ తనే ఎక్కాడు. అక్క ఈ క్షణం కోసం రెండు రోజులుగా దాచుకున్న నాలుగు వాక్యాలున్నాయి. ఆయన ఇంకా కమ్మీ వదలకపోవడం చూసి, ఒక్కటీ వాడలేదు.

టెర్మినస్‌లో అందరూ దిగిపోయారు. గార్డు సంచీ తగిలించుకుని, తిరుగు ప్రయాణానికి బండి రెండో కొసకి బయల్దేరాడు.

"తమ్ముడూ!"

గార్డు ఆగాడు. "చెప్పండి అన్నయ్యగారూ."

"ఆ రోజు... ఈ పెట్టె కింద ఏముంది?"

"వంతెన. పట్టాలూ, సందులూ. సందుల్లోంచి చూస్తే రోడ్డు మీద బస్సులు."

"తలుపుల దగ్గర?"

"ఇవాళ ఉన్నంతమందీ ఉన్నారు. అప్పుడూ నన్ను తిట్టారు."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఆ బోర్డుంది చూడూ..." అని మొదలుపెట్టాడు. అక్క ఇక బీరువాకి తాడు వెతుక్కోవడమే అనుకుంది. ఆయన ఆగి, చెప్పుతో నేలని రాశాడు. "బోర్డుకేం, శుభ్రంగా కనపడుతుంది" అని గొణిగాడు. ఆ తర్వాత ఇంకా సన్నగా ఏదో అన్నాడు.

"ఏమిటన్నయ్యగారూ? గోలగా ఉంది, వినపడలేదు" అన్నాడు గార్డు.

ఆ నిమిషాన ప్లాట్‌ఫారం మీద గోలన్నది లేదు. అక్క నవ్వు కనపడకుండా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిది పెట్టెలే అనుకున్నానయ్యా!" అని డ్రైవరు అరిచిన అరుపుకి, మెట్లెక్కుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "వెనక ఇంకా మూడున్నాయన్నదే మర్చిపోయాను. నువ్వు చేసింది రైటు. తప్పు నాది!"