చంకల దగ్గర బిగువు

పోయినేడాది వానలో తడిసిన భర్త ప్యాంటు చుట్టిన ఉండ చుట్టినట్టే ఉంది. విప్పగానే కుళ్ళిన కూరగాయల బుట్ట మూత తీసినట్టు గుప్పుమంది. ఆమె మొహం పక్కకు తిప్పుకుని జేబులో చెయ్యి పెట్టింది. ముక్కు చీది దాచుకున్న కాగితం రుమాలు ఎండిపోయి రాయిలా తగిలింది. దాని కిందే, నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ జేబు గుడ్డకి అతుక్కుపోయి ఉంది. దాన్ని ఆమె గోరుతోనే గీకాలి. ఇంకెవరు గీకుతారు?

"చూసి ఉతుకు, జిప్పు పాడవుతుంది," అన్నాడు భర్త గుమ్మంలో నిలబడి చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ. "అక్కడ వసంతమంటే పొద్దస్తమానం వానేనట. బూట్లకి కవర్లు, సంచికి కవరు, అన్నీ రెండేసి పెట్టు."

అక్కడ వాన ఎలా పడుతుందో అతనికంటే ఆమెకే బాగా తెలుసు. ఇద్దరిదీ ఒకే విత్తనాల కంపెనీ. అతను అమ్మకాల్లో, ఆమె ల్యాబులో. తడి కాగితాల్లో గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయో, ఎన్ని చచ్చాయో చూడటం ఆమె పని. చుట్టాలొస్తే చాలు, "మా ఇంట్లో మొలకల డాక్టరుంది, సెనగలు నానబెట్టుకోండి, ఫీజు లేదు," అని అతను నవ్వించేవాడు. విదేశంలో వసంతకాలపు నాట్ల వేళ విత్తన పరీక్షలు నేర్పిస్తారని తెలిసినప్పటి నుంచీ ఆమె ఆ పొలాల గురించి దొరికిందల్లా చదివింది. తీరా జాబితా వచ్చాక, "నీ పేరు లేదోయ్, నా పేరు వేశారు. నేనేం చెయ్యను?" అన్నాడు. విత్తనానికి వేరు ఏ వైపు నుంచి వస్తుందో తెలియని మనిషిని ఎందుకు పంపుతున్నారని అడగాలనిపించింది. అడిగితే మొగుణ్ణి చూసి ఏడ్చే ఆడదంటారు. మింగేసింది. పైగా అత్తగారి ఓదార్పు ఒకటి. "వాడు వెళ్తే నువ్వు వెళ్ళినట్టు కాదూ? కడుపు పండనిదానికి కాళ్ళకి చక్రాలెందుకే?"

అతను కొత్త ప్యాకెట్ ఒకటి మంచం మీదికి విసిరాడు. "ఆఫీసులో ఇచ్చిన రెయిన్‌కోటు. ఆ స్టోరువాడికి కళ్ళు పోయాయి. చంకల దగ్గర పట్టేస్తోంది. కాస్త కుట్లు విప్పి వదులు చెయ్. నేను జుట్టు కత్తిరించుకుని వస్తా."

స్కూటరు చప్పుడు వీధి మలుపు దాటాక ఆమె కోటు విప్పింది. ముదురు నీలం రంగు, అతుకుల మీద లోపలి వైపు పట్టీలు. కత్తెర అందుకుని ఆగింది. కుట్టు విప్పి మళ్ళీ కుడితే సూది చేసిన ప్రతి కంతలోంచీ నీళ్ళు కారతాయి. తిరగేసి చూసింది. నడుం దగ్గర సన్నం చేసి, ఛాతీ దగ్గర మడతలిచ్చి కుట్టారు. ఆడవాళ్ళ కోటు! తొడుక్కుంది. భుజం భుజం మీద కూర్చుంది, చేతులు మణికట్టు దగ్గరికొచ్చి ఆగాయి. కొత్త యూనిఫాం కోసమని ఆ మధ్య ల్యాబులో ఆమె కొలతలు తీసుకోవడం గుర్తొచ్చింది. ఆ యూనిఫాం ఇప్పటిదాకా రానేలేదు. ప్రయాణం జాబితాలో ఇంకో ఆడమనిషి ల్యాబ్ మేడమ్. ఆవిడ ఒక చెయ్యి కూడా ఇందులో పట్టదు.

కోటు విప్పకుండానే మేడమ్‌కి ఫోన్ చేసింది. కోటు మార్చి ఇస్తారేమో కనుక్కుందామన్నట్టు అడిగింది.

"అయ్యో, అది నీకోసం తెప్పించిందేనమ్మా! నువ్వే ఉంచేసుకో," అంది మేడమ్. "మొదటి పేరు నీదే కదా. ఏం చేస్తాం, దేవుడు ఇంకో వరం ఇచ్చాడు. ఈ టైములో మాత్రం వానలో తడవకు."

"ఏ టైములో మేడమ్?"

"నా దగ్గర దాపరికమా? ఇద్దర్ని కన్నదాన్ని. మూడు నెలలు నిండేదాకా నోరెత్తొద్దని మీ అత్తగారన్నారట కదా, మీ ఆయన చెప్పాడు. అందుకే మేమెవ్వరం నిన్ను కదిలించలేదు. టికెట్లు ఈ మధ్యాహ్నం ఆఫీసులో తీస్తున్నాం. ముందే అందరి పాస్‌పోర్టులూ తీసుకున్నాం కదా, నీ వీసా కూడా వచ్చి పడుంది, వృథా అయిపోయింది."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఈ మధ్య ఆఫీసంతా ఎందుకు మంచిదైపోయిందో ఇప్పుడు అర్థమైంది. అటెండరు పరిగెత్తుకొచ్చి కుర్చీ లాగడం, అకౌంట్సావిడ పండు కోసి మరీ పెట్టడం, మందుల గదిలోకి నువ్వు రావద్దని అందరూ అడ్డుపడటం... జాబితాలో పేరు రాలేదని జాలి అనుకుంది. ఆ పండు కూడా తినేసింది! అందరి కళ్ళూ తన పొట్ట మీద పాకుతుంటే, తెలియక, నవ్వుతూ థాంక్స్ చెప్పింది. ఇంట్లో గొడ్రాలు, ఆఫీసులో గర్భిణి. రెండేళ్ళ క్రితం నిజంగా కడుపు నిలిచి నిజంగా పోయినప్పుడు, "నలుగురికీ తెలిస్తే నామోషీ, మామూలుగా డ్యూటీకి వెళ్ళు," అన్నది ఈ మొగుడే. నెత్తురు ఆగకుండానే వెళ్ళి ఆ రోజంతా మొలకలు లెక్కపెట్టింది. అప్పుడు నామోషీ అయిన కడుపు ఇప్పుడు విమానమెక్కడానికి మెట్టయింది.

భర్త తిరిగొచ్చాడు, మెడ మీద తెగిన వెంట్రుకలతో. "అదేంటి, నువ్వేసుకున్నావ్? కుట్లు విప్పలేదా?"

"నాకెన్నో నెల?"

ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే. "మేడమ్ వాగిందా? ఆవిడ నోరు ఆగదు. అయినా నువ్వు వెళ్తే అమ్మ మోకాళ్ళకి మందు ఎవరు రాస్తారు? నేనా?" మెడ గోక్కుని, వేళ్ళకంటిన వెంట్రుకలు నేల మీద దులిపాడు. "నిన్నేం తిట్టలేదే! మంచిమాటే చెప్పాను. అందరూ నెత్తిన పెట్టుకోవట్లేదూ? నేను తిరిగొచ్చాక పోయిందని చెప్దాం. నీకూ నాలుగు రోజులు సెలవు కలిసొస్తుంది."

"వాడన్నదాంట్లో తప్పేముందే?" అత్తగారు వంటగదిలోంచి అందుకుంది. "మాటవరసకైనా నువ్వు తల్లివయ్యావని జనం అనుకున్నారు."

పోయిందని చెప్దాం. దాన్ని కూడా ముందే సర్దేసుకున్నాడు, బూట్ల కవరు సర్దుకున్నట్టు. ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి భళ్ళున కక్కింది. తలెత్తేసరికి అత్తగారు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి నిలబడి ఉంది, కళ్ళు ఇంత చేసుకుని.

"కొంపదీసి నిజంగానేనా?"

"కాదత్తయ్యా," అంది ఆమె మూతి తుడుచుకుంటూ. "అసహ్యం."

చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వానకోటు తొడుక్కుని వెళ్తున్న ఆడమనిషిని చూసి బస్టాపులో ఇద్దరు కిసుక్కున నవ్వారు. లోపల చెమట ధారలు కడుతున్నా ఆమె కోటు విప్పలేదు. ఈ వెటకారం కనీసం ఎదురుగా ఉంది, వెనక కాదు.

సెలవురోజైనా ఆఫీసులో మేడమ్ గదిలో ప్రయాణానికి వెళ్ళేవాళ్ళంతా ఉన్నారు. టికెట్ల ఏజెంటు కంప్యూటరు తెరిచి కూర్చున్నాడు. మేడమ్ కంగారుగా లేచింది. "ఈ ఎండలో ఆ కోటేమిటి తల్లీ!"

వెనకే భర్త ఆయాసపడుతూ వచ్చి పడ్డాడు. "ఏమనుకోకండి మేడమ్, ఈ టైములో ఆడవాళ్ళకి కాస్త మనసు నిలకడగా..."

గదిలో అందరి చూపులూ అలవాటుగా ఆమె పొట్ట మీదికి దిగాయి. ఆమె జిప్పు లాగి కోటు తెరిచి, అందరికీ కనిపించేలా నిటారుగా నిలబడింది.

"నా కడుపులో ఎవరూ లేరు మేడమ్. మా ఇంట్లోంచి వెళ్ళేది నేనొక్కదాన్నే. ఒక్క టికెట్ చాలు."