ఎవరూ ఎరగని సెలూన్

తన జబ్బు సంగతి ఊరందరికీ తెలుసని తమ్ముడి గట్టి నమ్మకం. అది నిజమో కాదో తేల్చుకోవడానికి, తనని ఎవరూ ఎరగని సెలూన్‌కి ఒక్కడే వెళ్ళి జుట్టు కత్తిరించుకుని రమ్మంది థెరపిస్టు. వాణ్ణి ఒప్పించడానికి అక్కకి ఆరు వారాలు పట్టింది.

వాడు సగం క్రాపుతో తిరిగొచ్చాడు.

“నీ సంగతి నాకు తెలుసులే, భయపడకు అన్నాడక్కా ఆ సెలూన్ వాడు!” అని గదిలోకి పోయి గడియ వేసుకున్నాడు.

అక్క అమ్మ వైపు తిరిగింది.

“కత్తెర చూసి బెదురుతాడేమోనని ముందే సెలూన్‌కి ఓ ఫోన్ చేసి చెప్పానే,” అని నసిగింది అమ్మ.

“నీ జాగ్రత్త తగలెయ్య! ఆ ఫోన్ నువ్వే చేశావని వెళ్ళి చెప్పు. లేకపోతే వాడిక గడప దాటడు.”

“చెబితే మళ్ళీ నా మొహం చూస్తాడా?”

అమ్మ తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి, “కాఫీ చల్లారిపోతోంది, రా నాన్నా,” అంది.

అక్క నెత్తి కొట్టుకుంది.