న్యూట్రల్‌లో దిగుడు

కొండ పైమలుపు దాటగానే బావ గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాడు. ఇంజిను రొద తగ్గింది. సిమెంటు బస్తాల లారీ తన బరువుకు తానే జారసాగింది. బావ పక్కన అక్క, కిటికీ పక్కన నేను.

డీజిల్ ఎక్కువ కాల్చే డ్రైవర్ల దగ్గర్నుంచి కంపెనీ బండి లాగేసుకుంటోంది. తర్వాతి వంతు బావదేనని అక్క బెంగ. దిగుడులో గేరు తీయొద్దు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజిన్లోకి డీజిల్ పోదు అని శిక్షణ ఇచ్చినాయన చెప్పాడట. డ్రైవర్లెవరూ నమ్మలేదు. గేరులో అంతలా అరిచే ఇంజిను డీజిల్ తాగకుండా ఎలా ఉంటుందని వాళ్ల అనుమానం.

"చూడు మరదలా, చుక్క ఖర్చు లేదు. మీ అక్క కాపురానికొచ్చిన రోజు కూడా ఇంత సాఫీగా సాగలేదు."

అక్క మూతి తిప్పింది. నేను నవ్వబోయి ఆగాను. చెట్లు మరీ వేగంగా వెనక్కి పోతున్నాయి.

బావ ఒక మలుపులో బ్రేకు తొక్కాడు, తర్వాతి మలుపులో ఇంకా గట్టిగా. మాడు వాసన వచ్చింది. ఆ తర్వాత ఎంత తొక్కినా వేగం తగ్గలేదు. గేరు వేయబోతే కరకరలాడింది తప్ప పడలేదు. బావ మెడ మీద నరం ఉబ్బింది. అక్క గోళ్లు నా చేతిలో దిగాయి.

ఎదురుగా బస్సు. బావ లారీని కొండవైపుకు తిప్పాడు. నా పక్క అద్దం రాతికి తగిలి ఎగిరిపోయింది. బండి రాతిని రాసుకుంటూ వెళ్లి, రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలోకి దూరి ఆగింది.

ఆగాక కూడా బావ స్టీరింగ్ వదలలేదు. అక్కే ఒక్కో వేలూ విప్పింది.

పనివాళ్లు కంకర తోడేసరికి బ్రేకులు చల్లారాయి. ఇంకా సగం కొండ మిగిలే ఉంది. మమ్మల్ని దిగి నడవమన్నాడు బావ. అక్క కదలలేదు.

"గేర్లోనే దింపండి."

"డీజిల్ ఎక్కువ కాలితే బండి పోతుందే."

"పోతే పోనివ్వండి."

రెండో గేరులో బయల్దేరాం. ఇంజిను గోలకు నా చెవులు గింగురుమన్నాయి. వెనకవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు. మలుపు వచ్చినప్పుడల్లా బావ చేయి అలవాటుగా గేరు రాడ్డు మీదికి పోయేది. అక్కడ అప్పటికే అక్క చేయి ఉండేది.