మోకు కట్టిన చెట్టు

నేను ఒక మోకును. కొబ్బరి పీచుతో పేనిన, మణికట్టంత లావు తాడును. దిగులు నాకు పుట్టుకతోనే వచ్చింది. పేనేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని మెలేశారు, ఆ బిగువు ఇంకా వదల్లేదు.

గోదావరి సముద్రంలో కలిసేచోట వేటకు వెళ్లే మసేను నన్ను కొన్నాడు. అతనికీ, భార్య పేరంటాలుకీ ఉన్న ఆస్తి ఒక్క పడవ. తుఫాను కబురు వస్తే దాన్ని మడ అడవిలోని పాయలోకి తోసుకొచ్చి, నాతో మడచెట్టుకు కట్టేవాడు. బయట కెరటాలు తాటిచెట్టంత లేస్తున్నా లోపల నీళ్లు ఊగేవి, అంతే. మామూలు రోజుల్లో ఆ మడచెట్ల వేళ్ల మధ్యే పేరంటాలు పీతలు పట్టేది. మోకు కట్టే చెట్టు మీద గొడ్డలి వేయకూడదని ఊరి కట్టుబాటు.

మిగతా చెట్ల మీద శుభ్రంగా వేశారు. రొయ్యల చెరువుల కోసం గట్టంతా చదును చేసి కరెంటు స్తంభాలు పాతారు. కొట్టింది మా ఊరి కూలీలే కాబట్టి నా చెట్టు ఒక్కటీ వదిలి, కట్టుబాటు తప్పలేదని సంతోషపడ్డారు.

మొన్నటి తుఫానుకు మసేను కంగారులో నన్ను స్తంభానికి చుట్టబోయాడు.

"సిమెంటే ఇది. కదల్దు."

"దానికి ఏళ్లెక్కడున్నాయయ్యా?" అంది పేరంటాలు. "సెట్టుకే కట్టు. పడవ పోతే ఏం తింటాం?"

గొణుక్కుంటూనే చెట్టుకు కట్టాడు. గాలి మొదలయ్యాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. పోగులు తెగుతున్నాయి. ఒంటరి చెట్టు ఎంతకని ఆగుతుంది? ఆగింది. తెల్లారి చూస్తే స్తంభం పాయలో పడి ఉంది, చెరువు గట్టు కొట్టుకుపోయింది, పడవ ఉంది. మసేను చెట్టు మొదలును చాలాసేపు నిమిరాడు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు గట్టు మళ్లీ వేయడానికి చెరువువాళ్లు ఎక్కడినుంచో పొక్లెయిన్ తెప్పిస్తున్నారు. ఈ చెట్టు అడ్డమట. మసేను పడవకు నైలాను తాడు కొన్నాడు. నన్ను విప్పలేదు, రెండు కొసలూ చెట్టుకే చుట్టి ముడేశాడు.

"మోకుంది కదా. ఎవడూ ముట్టుకోడు."

పేరంటాలు ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

ఇవాళ అతను వేటకు పోయాడు, ఆమె చేపల గంపతో సంతకు పోయింది. నేను పీచు లేచిపోయిన పాత తాడును. గట్టు మీద మోత దగ్గరవుతోంది. ఆ బండి నడిపేవాడు ఏ ఊరివాడో, మా కట్టుబాటు అతనికి ఎవరైనా చెప్పారో లేదో.