ఇంటి గోల

“ఆ ఇంటి గోల వదిలీసి గిటారు సంగతి చెప్పవే,” అన్నాడు బెన్‌హర్.

కృపాజ్యోతి ఒళ్ళో చేటెడు చిక్కుడుకాయలున్నాయి. పక్కన గచ్చు మీద తెరిచిన పుస్తకం, అది మూసుకుపోకుండా పైన అప్పడాల కర్ర. ఈనె తీస్తూ ఒక పేరా చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, మళ్ళీ ఇంకో కాయ అందుకోవడం. నెల్లాళ్ళుగా ఇదే వరస.

పుస్తకం డేన్ మెరిక్ అనే గిటారిస్టు తన గురించి తను రాసుకున్నది. అతని వేళ్ళు తీగల మీద ఎలా పరిగెడతాయో బెన్‌హర్ పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడు. బెన్‌హర్ కరెంటాఫీసులో గుమస్తా, ఆదివారాలు చర్చిలో గిటారు. పుస్తకం వచ్చిందని తెలిసి విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాడు. రెండు పేజీలు చదివి, “అక్షరాలు మరీ చిన్నవి” అని ఆమె చేతికిచ్చాడు. ఆమె ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు. ఇంట్లో ఇంగ్లీషు పనేదైనా ఆమెదే, మిగతా పనుల్లాగానే.

ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక జాకబ్ వస్తాడు. బెన్‌హర్‌కి చిన్ననాటి స్నేహితుడు, వరసకి బావ కాకపోయినా బావే. మెరిక్ అంటే అతనికీ పిచ్చి. ఆమె చెప్పిన కథ మీద వాళ్ళిద్దరూ టీలు తాగుతూ తీర్పులిస్తారు.

“ఏ తీగ వాడేడో రాయడు, ఏ సౌండు పెట్టె వాడేడో రాయడు. పెళ్ళాం, పిల్లలు, పాలడబ్బాలు. ఇదేటి పుస్తకం బావా?” అన్నాడు జాకబ్ కిందటి వారం.

“లోకమంతా అదే అంటన్నారు. నెట్టులో చూసేను,” అన్నాడు బెన్‌హర్. తర్వాత ఆమె వైపు తిరిగి, “మన అభిప్రాయం కూడా రాసీ. ఇంటి గోల ఎక్కువైంది, గిటారు తక్కువైంది. బాగా రాయి, కింద నా పేరు పెట్టు. స్కూల్నుంచి వచ్చేటప్పుడు నెట్ సెంటర్లో టైపు కొట్టేసి రా,” అన్నాడు.

మెరిక్ అభిమానుల పేజీలో బెన్‌హర్ పేరున వచ్చిన రాతలన్నీ ఆమె రాసినవే. ఒకసారి ఎక్కడో స్వీడన్ అతను ‘ఇండియా నుంచి బెన్‌హర్ ఎంత చక్కగా రాస్తాడో’ అని మెచ్చుకుంటే, బెన్‌హర్ దాన్ని ప్రింటు తీయించి ఆఫీసులో చూపించుకున్నాడు. అప్పుడామెకు బాధేమీ కలగలేదు. అవి అతని అభిప్రాయాలు, ఇంగ్లీషు మాత్రమే తనది అనుకుంది. ఈసారి అలా అనుకోలేకపోయింది. ఇంటి గోలని అందరూ తీసెయ్యమంటున్న ఆ అధ్యాయాన్ని ఆమె ఒక్కతే పూర్తిగా చదివింది. వీళ్ళకు చెప్పకుండా దాటేసిన పేజీల్లో మెరిక్ ఒక చలికాలం గురించి రాశాడు. అతను తలుపు వేసుకుని సాధన చేస్తుంటే, పిల్లాడి ఏడుపు వినపడకూడదని భార్య వాణ్ణి చంటిపిల్లల తోపుడుబండిలో పడుకోబెట్టుకుని మంచులో వీధులన్నీ తిరిగేదట. తను వాయించడం ఆపితే గది కిటికీలో దీపం ఆర్పేవాడట, అది చూసి ఆమె లోపలికి వచ్చేదట. ‘ఆమె ఓర్పుకి నేను రుణపడ్డాను’ అని ముగించాడు.

ఆ వాక్యం దగ్గర ఆమెకు కుక్కర్ కూత కూడా వినపడలేదు. కూతురు ఫెబా నెలల పిల్లగా ఉన్నప్పుడు క్రిస్మస్ పాటలు సాధన చేస్తూ బెన్‌హర్ విసుక్కుంటే, అత్తగారు, “ఆడు వాయించుకుంటన్నాడు, పిల్లని కాసేపు బయటికి అట్టుకుపో అమ్మా,” అనేది. ఆమె పిల్లని భుజాన వేసుకుని గవరపాలెం సందుల్లో తిరిగేది. బెల్లం బళ్ళు వస్తే గోడకి అతుక్కుని నిలబడేది. కాళ్ళు లాగేవి. చంటిదానికి పాలివ్వడానికి చాటు దొరికేది కాదు. క్రిస్మస్ రాత్రి పాటలయ్యాక పాస్టరుగారు బెన్‌హర్‌కి దండ వేసి, “సహకరించిన సతీమణికి కూడా వందనాలు” అన్నారు. ఆ రోజు ఆమె సంతోషించింది కూడా. ఇప్పుడు మెరిక్ రాసింది చదువుతుంటే, అతని రుణమూ పాస్టరుగారి వందనమూ ఒకే బాపతుగా కనిపించాయి.

సోమవారం నెట్ సెంటర్లో బెన్‌హర్ చెప్పింది చెప్పినట్టు కొట్టింది. అతని పేరు పెట్టి పంపింది. లేవబోయి, మళ్ళీ కూర్చుని, దాని కింద ఇంకొకటి మొదలుపెట్టింది. పెద్దగా రాయలేదు. పైన బెన్‌హర్ గారు ఇంటి గోల అన్నా, పుస్తకంలో నిజంగా సంగీతం ఎలా పుట్టిందో చెప్పిన అధ్యాయం అదొక్కటేనని, కానీ అక్కడ కూడా రచయిత ఒక మాట తప్పు రాశాడని, చలిలో పిల్లాణ్ణి తిప్పడం ఓర్పు కాదు, పని అని. కింద తన పేరు, ఊరి పేరు కొట్టింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఈ ఆదివారం జాకబ్ చేతిలో మడిచిన ప్రింటు కాగితంతో వచ్చాడు. కృపాజ్యోతి టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అతను దాన్ని విప్పి ఊపుతున్నాడు.

“బావా, నువ్వు రాసింది సూద్దారని నెట్టుకెళ్ళేను. దాని కిందనే మన అనకాపల్లి నుంచి ఇంకెవలో రాసేరు! ఆడమనిషి. పైన బెన్‌హర్ గారు ఇంటి గోల అన్నది గిటారు వెనకాల జరిగిన పనే అంటాది. ఇద్దరు తిట్టేరు గానీ, ఎవలో దొరసాని మాత్రం బాగుందని రాసింది. కృపాజ్యోతంట. ఎవలు బావా, నీకు తెలుసేటి?”

కృపాజ్యోతి బెన్‌హర్ వంక చూసింది. అతను కాగితం అందుకుని పేరు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి ఆమె వంక చూసి చూపు తిప్పేసుకున్నాడు.

“ఎవర్తో అయ్యుంటాది. నాకేటి తెలుసు?” అన్నాడు.

గ్లాసులు ఆమె చేతిలోనే ఉన్నాయి. అవి అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోతే, జాకబ్ ఇంకాసేపు ఆ ఎవర్తో గురించి జోకులు వేసుకుంటాడు, బెన్‌హర్ నవ్వుతాడు, రాత్రికి తలుపు వేశాక తనని నిలదీస్తాడు. లేదా అసలేమీ అనడు, ఆ పేరు ఈ ఇంట్లో లేనట్టే ఉండిపోతుంది. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది.

“నేనే అన్నయ్యా,” అంది.

జాకబ్‌కి వెంటనే అర్థం కాలేదు. “నువ్వేటి సెల్లమ్మా?”

“కృపాజ్యోతిని.”

అతను కాగితం వైపు, ఆమె వైపు చూశాడు. నాలిక కరుచుకున్నాడు. “ఓలమ్మా! నీ పేరదా? ఫెబా పుట్టకముందు నుంచి ఈ ఇంట్లో టీ తాగుతన్నాను. ఎప్పుడూ అడగనేలేదు సూడు.”

“టీ చల్లారిపోతంది, తాగు బావా,” అన్నాడు బెన్‌హర్ గోడకేసి చూస్తూ.

కృపాజ్యోతి మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని వాళ్ళిద్దరికీ ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“పేరు తెలిసింది కదా అన్నయ్యా,” అంది. “ఇప్పుడు చెప్పండి, నేను రాసినదాంట్లో తప్పేటో.”